రెండు కండ్ల రైలు

ఒంటికన్ను వస్తే గేటు వెయ్యాలి, రెండు కండ్లు వస్తే తలుపు వెయ్యాలి — ఫకీరు గేటు దగ్గర పుట్టిన పిల్లలకు అక్షరాలకంటే ముందు నేర్పే మాట ఇది.

సికింద్రాబాద్ నుంచి బొల్లారం పోయే రైలుపట్టా అమ్ముగూడ దాటినాక యాప్రాల్ తొవ్వను అడ్డంగా కోస్తుంది. అక్కడే ఆ గేటు. పక్కన గేటుమన్ ఇల్లు — ఒకటే గది, ముందు రేకుల వసారా. అటు సీతాఫలం పొదలు, ఇటు బండరాళ్లు. పగలు చూస్తే మేకలు కూడా విసుక్కునే చోటు. రాత్రి మాత్రం... 

రైలింజనుకు ముందు ఒకటే పెద్ద దీపం ఉంటుంది కదా. ఆ పట్టాల మీద రాత్రిపూట రెండు దీపాలు వచ్చేవి, పక్కపక్కనే. పొగ లేదు, కూత లేదు. లారీకి ఉన్నట్టే రెండు కండ్లు.

లారీ రోడ్డు మీద పోవాలి. రైలు పట్టా మీద పోవాలి. మరి లారీయే పట్టా మీద పోతుంటే దాన్ని ఏమనాలి?

దయ్యం అనాలి. అందరూ అదే అన్నారు.

ఆ లారీ ఫకీరుది. బతికున్నప్పుడు యాప్రాల్ నుంచి రెజిమెంటల్ బజారుకు కూరగాయల గంపలు, గంపల మీద మనుషుల్ని ఎక్కించుకొని పోయేవాడు. గేటు దాటేటప్పుడు రెండుసార్లు హారన్ కొట్టడం అతని సలాం. ఒక వానాకాలం తెల్లారుజామున టైరు పట్టాల సందులో ఇరుక్కుంది. ఎదురుగా రైలు. ఎక్కినవాళ్లందరినీ తొందరపెట్టి దింపేశాడు, ఒక ముసలమ్మ వదలనంటే ఆమెను వంకాయల గంపతో సహా దింపాడు. తానొక్కడే దిగలేదు. ఇంకొక్కసారి ఇంజను లాగితే టైరు పైకొస్తుందనుకున్నాడట...

అప్పటినుంచీ ఆ టైరు పట్టాలను వదల్లేదు, వాడు స్టీరింగు వదల్లేదు అంటారు.

కల్లు తాగి వచ్చేవాళ్లకే ఎక్కువగా కనిపించేది, ఆ మాట నిజమే. కానీ రాత్రి ఇషా నమాజు చేసుకొని వచ్చేవాళ్లకు కూడా కనిపించింది. వాళ్లనేం అంటారు?

ఇంతలో పోలీస్ యాక్షన్ అయింది. నైజాం ఫౌజు ఇండియా ఫౌజుకు లొంగిపోయిందని రేడియోలో చెప్పారు. రైళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పొద్దుగూకితే కర్ఫ్యూ. పట్టాలు ఖాళీ.

ఆ ఖాళీ పట్టాల మీద రెండు కండ్లు రోజూ రావడం షురూ అయింది.

"ఫకీరుకు కర్ఫ్యూ లేదు గదా," అన్నాడు గేటుమన్ జమాలుద్దీన్, లోపలినుంచి తలుపు గొళ్లెం రెండోసారి చూసుకుంటూ.

---

జమాలుద్దీన్ కూతురు హజీరా. నిలబడ్డచోట నిలబడని పిల్ల. వాళ్లమ్మ జాన్ బీ మాటల్లో చెప్పాలంటే, "దీని కాళ్లకింద అల్లా స్ప్రింగులు పెట్టిండు." బడికి పోలేదు. వదిన షహర్ బానో కాపురానికి వచ్చిన కొత్తల్లో గేటు చెక్క మీద బొగ్గుముక్కతో అక్షరాలు దిద్దించింది. రైలుకోసం గేటు మూస్తే పలక, తెరిస్తే సెలవు. అట్లా చదువు నేర్చుకున్న పిల్లకు ఓపిక ఎక్కడిది? పేపరు చుట్టిన బెల్లంపొట్లం ఇంటికొస్తే బెల్లం అమ్మకు, కాగితం హజీరాకు.

హజీరా అన్న షంషీర్ ఇంజన్ల మీద బొగ్గు వేసే పనివాడు. రైళ్లు ఆగిన రోజున పర్భణీ దిక్కు ఎక్కడో చిక్కుకుపోయాడు. షహర్ బానోకు నెలలు నిండాయి.

ఆ సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి. కర్ఫ్యూ పడకముందే హజీరా ఉరికిపోయి యాప్రాల్ నుంచి దేవమ్మను పట్టుకొచ్చింది. దేవమ్మ చేతులమీద ఆ చుట్టుపక్కల సగం ఊరు పుట్టింది. లోపలికి పోతూ, "ఇంత లొల్లి ఎందుకే, గొర్రె సుత ఈనుతది," అని నవ్వింది.

దీపాలవేళ దాటినాక బయటికి వచ్చింది. నవ్వు లేదు.

"బిడ్డ అడ్డం తిరిగింది, బీబమ్మా," అన్నది కొంగుతో చేతులు తుడుచుకుంటూ, గొంతు బాగా తగ్గించి. "ఇగ నా చేతుల లేదు. దవాఖానకు తీస్కపోవాలె. గీ రాత్రికే."

వాన సన్నగా రేకుల మీద టపటపమంటోంది.

యాప్రాల్ తొవ్వను లడాయి రోజుల్లో ఎవరో అడ్డంగా తవ్విపెట్టారు. ఆ కందకంలోకి వాన నీళ్లు దిగి ఇప్పుడది వాగు. ఎడ్లబండి పోదు. మంచం మీద మోసుకుపోదామంటే మోసే మగవాడు ఒక్కడే — జమాలుద్దీన్, ఆయనకు నడుము నొప్పి. లాలాగూడ దవాఖాన పట్టా వెంబడి చూస్తే సీదా ఉంటుంది. కానీ రైలు లేదు.

"పట్టా అయితే ఉన్నది," అన్నది హజీరా.

"పట్టా ఉంటే ఏంజేస్తం, నెత్తిన పెట్టుకుంటమా? రైలు లేదు గదనే," అన్నది జాన్ బీ.

"ఒకటి ఉన్నది గదమ్మీ. రోజూ వస్తది. సికింద్రాబాద్ దిక్కే పోతది. ఖాళీగనే పోతుండొచ్చు."

జాన్ బీ చేతిలోని తస్‌బీ పూసలు ఆగిపోయాయి. దేవమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"దయ్యం లారీల కాన్పుకు పోతరా ఎవరన్న? పుట్టేది ఏం పుడ్తది?" అన్నది దేవమ్మ.

"అది దయ్యమని ఎవలు చెప్పిండ్లవ్వా? దగ్గరికి పోయి చూసినోడు ఒక్కడు లేడు."

"దయ్యం కాకుంటే మరి ఎవరే?" అన్నది జాన్ బీ.

మూలనున్న జమాలుద్దీన్ గడ్డం మీద చెయ్యి తియ్యకుండానే గుసగుసగా అన్నాడు — "ఫౌజు."

ఆ రోజుల్లో జిల్లాల నుంచి వచ్చే కబుర్లు మంచివి కావు. ఎవరింట్లో ఎవరు లేకుండా పోయారో గట్టిగా చెప్పుకోవడానికి కూడా జనం భయపడేవారు. చీకటి పడితే జమాలుద్దీన్ ఇంట్లో దీపం కూడా తగ్గించేవాడు.

"దయ్యమైతే ఆయతుల్ కుర్సీ చదివితే పోతది," అన్నది జాన్ బీ చివరికి. "ఫౌజోడైతే ఏం చదవాలె?"

లోపలినుంచి మూలుగు. హజీరా పోయి వదిన పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. షహర్ బానో మొహం నిండా చెమట, వెంట్రుకలు నుదుటికి అంటుకుపోయి ఉన్నాయి. వీళ్ల మాటలన్నీ విన్నట్టుంది. హజీరా వేళ్లు విరిగేటట్టు పట్టుకొని, నొప్పికీ నొప్పికీ మధ్య దొరికిన సందులో అన్నది —

"దయ్యమైనా... మంచిదే హజీరా... జెర జల్దీ పిలువ్."

---

గేటుమన్ ఇంట్లో ఒక రేకు డబ్బా ఉంటుంది. అందులో పటాకాలుంటాయి. దీపావళివి కావు, రైలువి. గుండ్రంగా, అరచేతిలో పట్టేటంత బిళ్లలు. వాటికి సీసపు రెక్కలు. పట్టా మీద పెట్టి ఆ రెక్కలు కిందికి వంచితే గట్టిగా పట్టుకుంటాయి. ముందు ఏదన్నా ఆపద ఉంటే గేటుమన్ వీటిని పెట్టాలి. ఇంజను చక్రం ఎక్కిందంటే ఢామ్మని పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు. మనిషి తొక్కితే పేలవు, మేక తొక్కితే పేలవు. బరువు పడాలి.

హజీరా ఆ డబ్బా తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"అబ్బా, దయ్యానికి బరువుంటదా?"

"ఏం బరువు? గాలి గదా."

"అయితే దయ్యమైతే పటాకా పేలదు. పేలకుంటే నేను లోపలికొచ్చి తలుపేస్త. పేలితే అది బండి. బండైతే ఆగుతది. ఆగితే అడుగుత."

జమాలుద్దీన్ ఆ మాటను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. జీవితమంతా రైలుపని చేసినవాడు. తప్పు దొరకలేదు.

"పాత సరుకు," అన్నాడు నసుగుతూ. "వానకు తడిసినయో ఏమో..."

"నేను పోత," అని లేచాడు మళ్లీ తనే. జాన్ బీ అంగీ పట్టి కూర్చోబెట్టింది.

"చీకట్ల గడ్డం కనవడితే కాలుస్తరు. పిల్ల కనవడితే జెర సోంచాయిస్తరు."

ఆ మాటన్నాక ఆమె నెత్తిమీది తెల్ల ఓణీ తీసి కూతురికి కప్పింది, వాన పడుతుందని. ఏదో చదివి మొహం మీద ఊదింది. "పో," అన్నది, అటు తిరిగి.

చివరికి జమాలుద్దీన్ కూడా వెంట వచ్చాడు. పట్టా పక్కన సీతాఫలం పొద వెనక కూర్చున్నాడు.

"నేనీడనే ఉన్న బిడ్డా, భయపడకు," అన్నాడు.

గాలి లేదు. ఆ ఒక్క పొద మాత్రం వణుకుతోంది.

హజీరా గేటుకు కొంచెం దూరంగా, బొల్లారం దిక్కు పోయి, రెండు పటాకాలు పట్టాకు బిగించింది. వెనక్కి వచ్చి ఎర్ర లాంతరు పట్టుకొని పట్టాల నడుమ నిలబడింది. భయం వేస్తుందనుకుంది. వేసింది. దానికి తోడు ఇంకోటి కూడా — పొట్టలోంచి నవ్వులాంటిది, ఉయ్యాల పైకి పోయి ఆగినప్పుడు వస్తుందే, అట్లాంటిది. దయ్యానికి ఎర్రదీపం చూపించే గేటుపిల్ల లోకంలో తానొక్కతే అయ్యుంటుంది.

"అబ్బా," అన్నది మెల్లగా.

"ఆఁ."

"దయ్యం టికెట్ అడుగుతదా?"

"నోర్మూస్కో..."

అప్పుడు వచ్చాయి.

రెండు కండ్లు. పసుపుపచ్చగా. మూల తిరిగి, పక్కపక్కనే, చినుకుల్లోంచి... మెల్లగా.

హజీరా లాంతరు పైకెత్తింది. వెలుగు పెద్దదవుతోంది — పటాకాలు పెట్టిన చోటికి వచ్చింది — ఇప్పుడు... ఇప్పుడు...

పేలలేదు.

ఆ రెండు కండ్లు వాటి మీదుగా వచ్చేశాయి. ఆగలేదు. హజీరా పక్కకు దూకింది. లారీయే. చెక్క తొట్టి, తడిసిన గోనెసంచుల వాసన. కిటికీలోంచి బయటికి ఒక మోచెయ్యి. గేటు దగ్గరికి వచ్చేసరికి —

పోం... పోం.

ఆ మోచెయ్యి లేచింది, సలాం చేసినట్టు. ఎర్రటి వెనకదీపం ఒక్కటి దూరంగా పోయింది, సికింద్రాబాద్ దిక్కు. అంతే.

పొద వెనక జమాలుద్దీన్ కండ్లు గట్టిగా మూసుకొని ఏదో చదువుతున్నాడు. "పోయిందా?"

"పోయింది."

"పేలిందా?"

"పేలలే."

"తడిసినయ్... నేను చెప్పలే? పాత సరుకు..." అన్నాడు. పండ్లు టకటకమంటున్నాయి. "దా బిడ్డా, ఇంట్లకు."

మాట ప్రకారం ఇప్పుడు లోపలికి పోయి తలుపు వేసుకోవాలి. హజీరా రెండడుగులు వేసింది కూడా. ఇంట్లోంచి షహర్ బానో కేక వినిపించింది — ఇంతకుముందు కేకల్లా లేదు, చివర సన్నబడిపోయింది.

హజీరా వెనక్కి తిరిగి పట్టా వెంట ఉరికింది. తడిసే ఉంటాయి, ఇంకేం? లాంతరు దించి చూసింది. పటాకాలు రెండూ పెట్టినచోటే ఉన్నాయి. గీత పడలేదు. వాటి నెత్తిన వానచినుకులు గుండ్రంగా, ముత్యాల్లా కూర్చొని ఉన్నాయి. ఓణీ చెంగుతో తుడిచింది. సీసపు రెక్కలను మళ్లీ గట్టిగా ఒత్తింది.

"హజీరా... పిచ్చిదానా... దా," అని పొద పిలుస్తోంది.

తల ఎత్తింది. మూల దగ్గర మళ్లీ రెండు కండ్లు.

ఇది మెల్లగా రావడం లేదు. గడగడమని చప్పుడు. పట్టా జిమ్మంటోంది. హజీరా గేటువైపు పరుగెత్తింది, లాంతరు ఊపుతూ, ఓణీ వెనక జెండాలా ఎగురుతుంటే —

ఢామ్.

ఢామ్.

నిప్పురవ్వలు. బ్రేకుల కీచుమోత. బండి ఊగుతూ గేటు నడుమకు వచ్చి ఆగింది. దాంట్లోంచి మనుషులు దూకారు. ఎక్కడికి దూకారో చూసుకోలేదు. ఇద్దరు సీతాఫలం పొదలో పడ్డారు. పొద "యా అల్లా" అన్నది. పడ్డవాళ్లు అంతకంటే గట్టిగా అరిచి పట్టా పక్క గుంతలో పడ్డారు.

తర్వాత అంతా చప్పబడిపోయింది. చినుకులు మాత్రం.

గుంతలోంచి ఒక తుపాకి గొట్టం పైకి వచ్చింది. దాని వెనక ఒక మీసం. హవల్దార్ తుకారాం, మరాఠా మనిషి. ఎన్నో చోట్ల కొట్లాడి వచ్చినవాడు. ఇప్పుడు అతని ఎదురుగా ఉన్నది పట్టాల నడుమ తెల్ల ముసుగు, ఎర్ర దీపం, మొహం కనపడని ఆడమనిషి.

"ఎవరు?" అన్నాడు హిందీలో. "మనిషివా... దయ్యానివా?"

"నేను గదే అడుగుదమనుకున్న," అన్నది హజీరా.

డ్రైవరు సీటు దగ్గర్నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక పుర్రుమన్నారు.

"హవల్దార్ సాబ్, దయ్యాలకు గింత తెలివి ఉండదు. తుపాకి దించండి," అని చెప్పులు టపటపలాడించుకుంటూ ఒకతను దిగాడు. లాలాగూడ రైలు కార్ఖానాలో మిస్త్రీ, పేరు లూకా. మెడలో చిన్న సిలువ, చేతులనిండా గ్రీసు. "ఏంది చెల్లె, ముందట పట్టా ఊడిందా?"

"పట్టా మంచిగనే ఉన్నది అన్నా. మా భాభీ మంచిగ లేదు."

ఇంకా చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇంట్లోంచి కేక వచ్చింది. తుకారాం మొహం మారింది. ఇంటి దగ్గర అతనికీ ఎవరో ఉన్నట్టుంది. తుపాకి భుజానికి తగిలించుకున్నాడు.

వసారాలో జాన్ బీ తలుపుకు అడ్డంగా నిలబడి ఉంది. చేతిలో తస్‌బీ, పక్కన రోకలి పట్టుకొని దేవమ్మ. జవాన్లు ఆగిపోయారు. ఎవరు ముందు కదలాలో ఎవరికీ తెలియలేదు.

"మాఁ," అన్నాడు తుకారాం హిందీలో, టోపీ తీసి. "మంచం ఎటువైపు నుంచి ఎత్తాలి?"

జాన్ బీ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. పక్కకు జరిగింది.

"తలదిక్కు జెర పైకి పట్టు," అన్నది. "నా కోడలు."

మంచంతో సహా షహర్ బానోను లారీ తొట్టిలోకి ఎక్కించారు. పక్కన జాన్ బీ, దేవమ్మ, హజీరా. సీతాఫలం పొదలోంచి జమాలుద్దీన్ లేచి, ఆకులు దులుపుకొని, గేటు వదిలి రాలేనని చెప్పి, ఆ రాత్రి మొదటిసారి నిటారుగా నిలబడి పచ్చ దీపం చూపించాడు.

---

లారీకి పట్టాల మీద గుంతలుండవు. "రోడ్డు మీద అయితే గింతసేపటికి మనమే కందుము," అన్నది దేవమ్మ, కుదుపు లేని ఆ పరుగుకు ఆశ్చర్యపోతూ. జాన్ బీ మాత్రం కండ్లు మూసుకొని చదువుతూనే ఉంది. అది నిజం లారీయేనని ఆమెకు ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. హజీరా ముందుకు వంగి లూకాను అడిగింది.

"ఇది లారీనా, రైలా అన్నా?"

"తల్లిగారింట్ల లారీ, అత్తగారింట్ల రైలు."

టైర్ల పక్కన, ముందూ వెనకా, చిన్న ఇనుప చక్రాలు అమర్చాడట లూకా. జాకీ తిప్పితే అవి కిందికి దిగి బండిని పట్టా మీద ఎత్తి పట్టుకుంటాయి. ఇంకోదిక్కు తిప్పితే పైకి ముడుచుకుంటాయి, టైర్లు నేలకు ఆనుతాయి. పట్టాలు ఎవరన్నా ఊడదీశారేమో చూడటానికి ఫౌజువాళ్లు దీన్ని రాత్రిళ్లు తిప్పుతున్నారు. ఎక్కడంటే అక్కడ దిగలేదు. రోడ్డు, పట్టా సమంగా కలిసేది గేటు దగ్గరే, అందుకని ఎక్కడమైనా దిగడమైనా గేట్ల దగ్గరే.

లాలాగూడ గేటు దగ్గర బండి ఆగింది. లూకా, జవాన్లు దిగి జాకీలు తిప్పారు. కిర్రు కిర్రుమంటూ బండి కొంచెం కిందికి కూర్చుంది. ఇంజను గుర్రుమంది. బండి పట్టాలు వదిలి, పక్కకు తిరిగి, రోడ్డు మీదికి నడిచింది.

ఆ కుదుపుకు జాన్ బీ కండ్లు తెరిచింది. అటు చూస్తే పట్టాలు దూరమైపోతున్నాయి. రైలు రోడ్డెక్కింది.

"యా అల్లా," అన్నది నీరసంగా. "దయ్యమే."

దేవమ్మకు నవ్వు వచ్చింది. నవ్వకూడని సమయం కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. హజీరా ఓణీ నోట్లో కుక్కుకుంది. మంచం మీద, పెదవులు కొరుక్కుంటూ, నీళ్లు నిండిన కండ్లతో షహర్ బానో కూడా — "నవ్వియ్యకుండ్రి... నొస్తది..." అన్నది.

తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని నర్సమ్మ అన్నదట. పిల్లకు మంచి పేరే పెట్టారు, కానీ ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఊరంతా పటాకా అనే పిలిచింది.

---

షంషీర్ ఇంటికి వచ్చినాక, ఒక మధ్యాహ్నం లూకా తన బండి తీసుకొని ఫకీరు గేటుకు వచ్చాడు. ఈసారి పగలు. పిల్లను చూడాలని వచ్చాడు. తుకారాం పంపిన గిలక్కాయ కూడా తెచ్చాడు.

యాప్రాల్ సగం వచ్చి చుట్టూ మూగింది. లూకా అందరి ముందు జాకీ తిప్పి లారీని రైలు చేశాడు, రైలును లారీ చేశాడు. "ఇదేనా మీ రెండు కండ్ల దయ్యం?" అన్నాడు. కల్లు తాగి భయపడినవాళ్లు, నమాజు చేసి భయపడినవాళ్లు ఒకరినొకరు చూసి తలలు వంచుకొని నవ్వుకున్నారు. దేవమ్మ డ్రైవరు పక్క సీటులో కూర్చొని గేటు నుంచి బండరాళ్లదాకా ఒక చక్కర్ కొట్టి వచ్చింది. "ఇగ ఎవలన్న దయ్యమంటే చెప్పుతోటి కొడ్త," అన్నది దిగుతూ.

వసారాలో చాయ్ పోశారు. జాన్ బీ అతనికి పెద్ద కప్పు ఇచ్చింది. లూకా పిల్లను ఒడిలో పెట్టుకొని గిలక్కాయ ఊపుతూ, నవ్వుతూనే అడిగాడు —

"అంత మంచిగనే ఉన్నది గాని చెల్లె... మా ముందటి బండిని ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

హజీరా చేతిలో కెటిల్ ఆగింది.

"మీ బండే గదన్నా ముందుగల పోయింది? పోయి... మళ్ల..."

"మళ్ల ఎట్లొస్తం? మేమొచ్చింది ఒక్కసారే. అసలు ఆ రాత్రి వానకు మేం బొల్లారంల పండుకున్నం. పోవుడే లేకుండె. హవల్దార్ సాబ్‌కు హారన్ వినవడ్డది. చూస్తే పట్టా మీద మా అసోంటిదే ఒక బండి, ఎనుక ఎర్ర దీపం. 'మనకు చెప్పకుండ ఇంకోదాన్ని పంపిండ్లా' అని ఆయనకు కోపమొచ్చింది. ఎక్కు ఎక్కు అన్నడు. దాని దీపం చూస్కుంటనే ఉరికిచ్చుకుంట వచ్చినం. ఈ మూల తిరిగినంక కనవడలే. నువ్వు కనవడ్డవ్."

"ఎన్నున్నయన్నా... గిసోంటి బండ్లు?"

"తర్వాత సాబ్ పోయి అడిగిండు. చేసింది నేను, నాకు తెల్వదా?" లూకా నవ్వు మెల్లగా జారిపోయింది. "ఇదొక్కటే."

గిలక్కాయ ఆగింది. పిల్ల మాత్రం అతని ఒడిలోంచి గేటువైపు చూస్తోంది.

హజీరాకు చినుకులు గుర్తొచ్చాయి. రెండు పటాకాల నెత్తిన, ఒక్కటి కూడా చెదరకుండా, గుండ్రంగా కూర్చున్న చినుకులు. వాటి మీదనుంచి లారీ పోయింది. తాను కండ్లారా చూసింది.

జమాలుద్దీన్ చాయ్ తాగి, కప్పు బోర్లించి, లాంతర్లు తుడవడానికి పోయాడు.

ఫకీరు గేటు దగ్గర ఇప్పుడు రెండు కండ్లు వస్తే ఎవరూ తలుపు వేసుకోరు. లూకా బండి అయితే గడగడ చప్పుడు వస్తుంది, చెయ్యి ఊపుతారు. చప్పుడు లేకుండా వచ్చే రాత్రి కూడా ఒకటి ఉంటుంది. అప్పుడు జమాలుద్దీన్ చాప మీదనుంచి లేచి, టోపీ పెట్టుకొని, గేటు దగ్గరికి పోయి, పచ్చ దీపం పైకెత్తి పట్టుకుంటాడు.

"ఎవరికి అబ్బా?" అంటుంది హజీరా, తెలిసీ, వసారాలోంచి మెల్లగా.

"బండి అన్నంక దీపం చూపియ్యాలె గద బిడ్డా. డ్యూటీ."

చీకట్లోంచి, చాలా దగ్గరగా —

పోం... పోం.